పంకా వేగం – కంప్యూటరు ఆరోగ్యం

కళ్ళంలో ధాన్యాన్ని తూర్పారబట్టే రైతుకు గాలి విలువ బాగా తెలుసు. గాలి మందగిస్తే తాలు పోదు. గాలి విజృంభిస్తే తాలుతోపాటు గట్టి గింజలు కూడా కొట్టుకొనిపోతాయి. అందుకే అతడు గాలి వాలును, వేగాన్ని కనిపెట్టి చేటను పైకెత్తుతాడు. పనికి తగినంత గాలిని తగిన సమయంలో వినియోగించుకోవడమే అందులోని నేర్పు. నేడు బల్లమీద కూర్చొని పనిచేసే కంప్యూటరుకు కూడా ఈ నేర్పు అవసరమైంది. దాని లోపల తిరిగే చిన్న పంకాలు ఎప్పుడు నెమ్మదిగా తిరగాలి, ఎప్పుడు వేగంగా తిరగాలి అనే విషయంపైనే ఆ యంత్రం ఆయువు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పెద్దపల్లి ప్రాంత ప్రజలకు వేడిమితో పరిచయం కొత్తది కాదు. ఉత్తర తెలంగాణలో గోదావరి తీరాన ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుండి విడివడి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఈ జిల్లాలోనే రామగుండం ఉంది. అక్కడ 1983లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన ఎన్.టి.పి.సి. కేంద్రం క్రమంగా 2600 మెగావాట్ల సామర్థ్యానికి ఎదిగింది. ఆ పక్కనే గోదావరిఖని బొగ్గు గనులున్నాయి. వేసవిలో రామగుండం పరిసరాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటే రోజులు ఉంటాయి. మధ్యాహ్నవేళ వీధులు నిర్మానుష్యమవుతాయి. రేకుల కప్పు కింద ఉన్న దుకాణాలు కొలిమిలను తలపిస్తాయి.

సరిగ్గా ఆ రోజులలోనే విద్యార్థులకు కంప్యూటరుతో అవసరం ఎక్కువ. ఇంటర్మీడియెట్ ఫలితాలు వేసవిలోనే వెలువడుతాయి. డిగ్రీ ప్రవేశాలకు 2016 నుండి అమలులోకి వచ్చిన ‘దోస్త్’ విధానంలో దరఖాస్తును ఆన్‌లైన్‌లోనే నింపాలి. ఇంజనీరింగు సీట్ల ఎంపికకు కూడా అదే మార్గం. గడువు ముగిసే రోజున, ఎంపికలు నమోదు చేస్తున్న వేళ యంత్రం ఒక్కసారిగా ఆగిపోతే విద్యార్థి గుండె గుభేలుమంటుంది. విద్యుత్తు ఉంది, తెర బాగానే ఉంది, అయినా యంత్రం మూగబోయింది. ఇటువంటి సందర్భాలలో చాలాసార్లు అసలు కారణం వేడిమి. దానిని అదుపు చేయవలసిన పంకా తన విధిని నిర్వర్తించకపోవడమే.

కంప్యూటరులో వేడి ఎందుకు పుడుతుంది? ప్రాసెసరు అనే చిన్న పలకలో కోట్లాది సూక్ష్మమైన విద్యుత్ ద్వారాలు ఉంటాయి. అవి క్షణానికి కోట్లసార్లు తెరచుకొంటూ, మూసుకొంటూ లెక్కలు చేస్తాయి. ఆ పనికి ఖర్చయిన విద్యుత్తు అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. 1980ల నాటి వ్యక్తిగత కంప్యూటర్లలో ప్రాసెసరుకు ప్రత్యేకమైన పంకా సాధారణంగా ఉండేది కాదు. 1990లలో వేగం పెరగడంతో లోహపు రెక్కల దిమ్మె, దానిపై పంకా అవసరమయ్యాయి. 2004 నాటికి పెంటియం 4 రకానికి చెందిన కొన్ని ప్రాసెసర్లు 100 వాట్లకు మించి వేడిని వెలువరించే స్థితికి చేరుకొన్నాయి. వందవాట్ల బల్బు వేడి మొత్తం బొటనవేలి గోరంత పలకలో కేంద్రీకృతమైతే ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సత్యాన్ని గ్రహించాలి. పంకా చలువను సృష్టించదు. అది వేడిని ఒకచోటి నుండి మరొకచోటికి తరలిస్తుంది. ప్రాసెసరు నుండి లోహపు దిమ్మెకు, దిమ్మె నుండి గాలికి, గాలితోపాటు పెట్టె వెలుపలికి ఉష్ణం ప్రయాణిస్తుంది. కాబట్టి లోపలికి వచ్చే గాలి ఎంత వేడిగా ఉంటుందో, ప్రాసెసరు దానికంటె ఎక్కువ వేడిగానే ఉంటుంది. ఎంత శక్తివంతమైన పంకా అయినా ఈ హద్దును దాటలేదు.

ఒక చిన్న లెక్కతో దీనిని అర్థం చేసుకోవచ్చు. ఒక ప్రాసెసరు 65 వాట్ల వేడిని ఇస్తున్నదనుకుందాం. పంకా నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక్కొక్క వాట్టుకు 0.7 డిగ్రీల చొప్పున ప్రాసెసరు ఉష్ణోగ్రత గాలికంటె పెరుగుతుందనుకుందాం. అప్పుడు మొత్తం పెరుగుదల 45.5 డిగ్రీలు. జనవరిలో గాలి 22 డిగ్రీలుంటే ప్రాసెసరు 67.5 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అది క్షేమకరమే. మే నెలలో గది 42 డిగ్రీలకు చేరితే అదే యంత్రం, అదే పని, అదే పంకా వేగంతో 87.5 డిగ్రీలకు చేరుతుంది. పంకా వేగాన్ని పెంచగా వాట్టుకు 0.4 డిగ్రీల పెరుగుదల మాత్రమే మిగిలితే, ప్రాసెసరు మళ్ళీ 68 డిగ్రీలకు దిగివస్తుంది. అంటే చలికాలంలో చాలిన వేగం వేసవిలో చాలదు. శబ్దం రాకూడదని జనవరిలో వేగాన్ని తగ్గించి, ఆ సంగతి మరచిపోయినవారు మే నెలలో చిక్కుల పాలవుతారు.

మరి పంకాలను ఎల్లప్పుడూ పూర్తివేగంతో తిప్పితే సరిపోదా అనే సందేహం కలుగుతుంది. దీనికి సమాధానం పంకాలకు సంబంధించిన భౌతిక నియమాలలో ఉంది. పంకా వేగం రెట్టింపయితే అది తరలించే గాలి కూడా రెట్టింపవుతుంది. కాని అందుకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే గాలి 80 శాతం అందుతుంది, శక్తి మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది. వేగాన్ని సగం చేస్తే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఎల్లవేళలా అతివేగంతో తిరిగే పంకా చెవులకు బాధ కలిగిస్తుంది, త్వరగా అరిగిపోతుంది, పెట్టెలోనికి దుమ్మును కూడా అధికంగా లాగుతుంది.

ఇదే నియమం భూగర్భ గనులలోని భారీ పంకాలకూ వర్తిస్తుంది. గనిలోని చెడుగాలిని, వేడిని తొలగించడానికి ఉపరితలంపై పెద్ద పంకాలను అమర్చుతారు. పెద్ద షిఫ్టులో పనిచేసే ఒక్కొక్కరికి నిమిషానికి కనీసం 6 ఘనమీటర్ల గాలి అందాలని మనదేశపు బొగ్గుగనుల నిబంధనలు నిర్దేశించాయి. అక్కడ గాలి తగ్గితే మనుషుల ప్రాణాలకే ముప్పు. కంప్యూటరులో గాలి తగ్గితే యంత్రానికి ముప్పు. పరిమాణంలో తేడా ఉన్నా సూత్రం ఒక్కటే.

ఇక పంకా వేగాన్ని నియంత్రించే విధానాలను పరిశీలిద్దాం. పాతకాలపు పంకాకు రెండే తీగలు ఉండేవి. విద్యుత్తు అందితే తిరిగేది, లేకుంటే ఆగేది. తరువాత మూడో తీగ వచ్చి చేరింది. పంకా ఒక్కసారి పూర్తిగా తిరిగినప్పుడు ఈ తీగ ద్వారా సాధారణంగా రెండు సంకేతాలు మదర్‌బోర్డుకు చేరుతాయి. క్షణానికి 40 సంకేతాలు వస్తే పంకా 20 సార్లు, అంటే నిమిషానికి 1200 సార్లు తిరుగుతున్నదని యంత్రం లెక్కించుకొంటుంది. ఇటువంటి పంకా వేగాన్ని తగ్గించాలంటే 12 వోల్టుల విద్యుత్తును 9కో, 7కో తగ్గించాలి. మరీ తగ్గిస్తే ఆగి ఉన్న పంకా కదలదు. నిలిచిన బండిని కదిలించడానికి ఎక్కువ బలం కావలసినట్లే, నిలిచిన పంకాను కదిలించడానికీ ఎక్కువ వోల్టేజి కావాలి.

ఈ లోపాన్ని సవరించడానికి నాలుగో తీగ ప్రవేశించింది. ఈ పద్ధతిలో 12 వోల్టుల విద్యుత్తు తగ్గకుండా అందుతూనే ఉంటుంది. నాలుగో తీగలో మాత్రం ఒక సంకేతం క్షణానికి సుమారు 25,000 సార్లు వెలుగుతూ, ఆరుతూ ఉంటుంది. ఆ స్వల్పకాలంలో సంకేతం వెలిగి ఉన్న భాగం పెరిగితే వేగం పెరుగుతుంది, తగ్గితే వేగం తగ్గుతుంది. ఇంత త్వరగా జరిగే మార్పు మనిషి చెవికి వినిపించదు. దీనినే పీ.డబ్ల్యూ.ఎం. పద్ధతి అంటారు.

వేగాన్ని మార్చే సాధనం ఉంటే చాలదు, ఎప్పుడు మార్చాలో కూడా నిర్ణయించాలి. కంప్యూటరు ఆరంభమయ్యేటప్పుడు తెరచే బయోస్ పట్టికలో ఈ ఏర్పాటు ఉంటుంది. ప్రాసెసరు 40 డిగ్రీల వద్ద ఉంటే 30 శాతం, 60 డిగ్రీల వద్ద 50 శాతం, 75 డిగ్రీల వద్ద 80 శాతం, 85 డిగ్రీల వద్ద పూర్తివేగం అని నిర్దేశించవచ్చు. నడుమ ఉన్న ఉష్ణోగ్రతలకు తగిన వేగాన్ని యంత్రమే లెక్కగడుతుంది. ప్రాసెసరు ఉష్ణోగ్రత క్షణక్షణం మారుతుంది కాబట్టి, ప్రతి మార్పుకూ పంకా స్పందిస్తే దాని శబ్దం అలలవలె పెరుగుతూ తగ్గుతూ చికాకు కలిగిస్తుంది. అందువలన కొంత ఎడం పాటిస్తారు. 60 డిగ్రీలకు పెరిగిన వేగం తిరిగి 55 డిగ్రీలకు దిగిన తరువాతనే తగ్గేటట్లు చూస్తారు.

వేడి అదుపు తప్పినప్పుడు ఆధునిక ప్రాసెసరు తనను తాను కాపాడుకొంటుంది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల సమీపానికి చేరగానే తమ పనివేగాన్ని తగ్గించుకొంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. కాబట్టి వేసవిలో కంప్యూటరు అకారణంగా మందగించడం తొలి హెచ్చరిక. హఠాత్తుగా ఆగిపోవడం తుది హెచ్చరిక.

ఎంత చక్కని ఏర్పాటు చేసినా దుమ్ము దానిని వ్యర్థం చేయగలదు. గోదావరిఖనిలో బొగ్గుధూళి, వరి పండే పల్లెలలో ధాన్యపు నుసి, బాటల పక్కన మట్టిధూళి పెట్టెలోనికి చేరి లోహపు రెక్కల నడుమ దుప్పటివలె పేరుకొంటాయి. అప్పుడు పంకా తిరుగుతూనే ఉంటుంది గాని గాలి రెక్కలను తాకదు. వేసవి ఆరంభంలోనే విద్యుత్తు సంబంధాన్ని తొలగించి, పెట్టెను తెరచి, మెత్తని కుంచెతో ధూళిని తుడవాలి. గాలిని ఊదేటప్పుడు పంకా గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ప్రాసెసరుకు, దిమ్మెకు నడుమ పూసిన లేపనం ఎండిపోతే మార్చాలి. పెట్టెను గోడకు ఆనించకూడదు. కూలరు నుండి వచ్చే తడిగాలి నేరుగా పెట్టెలోనికి పోకుండా చూడాలి.

కొత్త యంత్రాన్ని కొనలేని కుటుంబంలో ఒక పాత కంప్యూటరు పిల్లల చదువుకు పెద్ద ఆధారం. అది మరో రెండేళ్ళు నిలవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. గంటసేపు శుభ్రపరచడం, పది నిమిషాలు వెచ్చించి పంకా వేగాన్ని సరిదిద్దడం చాలు. గాలి వాలును ఎరిగిన రైతుకు గింజ దక్కుతుంది. వేడి తీరును ఎరిగిన విద్యార్థికి గడువులోగా దరఖాస్తు పూర్తవుతుంది.

అభ్యాసం

1. పంకా చలువను సృష్టించదనడంలోని ఆంతర్యాన్ని వివరించండి.
2. పంకాలను ఎల్లప్పుడూ పూర్తివేగంతో ఎందుకు తిప్పకూడదు?
3. మూడు తీగల పంకాకు, నాలుగు తీగల పంకాకు గల భేదాలను తెలపండి.
4. మీ కళాశాలలోని కంప్యూటర్లను వేసవిలో కాపాడుకోవడానికి ఎటువంటి జాగ్రత్తలు తీసుకొంటారో రాయండి.