పదో నంబరు ఎవరి కోసం?

తుపాను ఎటు వస్తుందో ఇప్పుడు చాలావరకు ముందే చెప్పగలుగుతున్నారు. ఆ కబురు అందాల్సిన వారికి, అర్థమయ్యే మాటల్లో అందుతోందా అన్నదే అసలు ప్రశ్న

బంగాళాఖాతంలో అల్పపీడనం ముదిరి వాయుగుండమైందంటే చాలు, తెలుగు చానెళ్ల తెర అడుగున ఎర్రపట్టీ పరుగు మొదలవుతుంది. మచిలీపట్నంలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక, కాకినాడలో అయిదు, కాసేపటికి ఎనిమిది, ఆపైన పది. వేలంపాటలో మాదిరిగా అంకె పెరుగుతూ పోతుంది. ఇంట్లో కూర్చుని చూసేవారికి బోధపడేది ఒక్కటే: అంకె పెరిగితే ముప్పు పెరిగినట్టు. అది సగమే నిజం.

ఆ అంకెలు జనం కోసం పుట్టినవి కావు, ఓడల కోసం పుట్టినవి. 1864 అక్టోబరులో కలకత్తాను తుపాను ముంచెత్తింది. నెల తిరక్కుండానే బందరును ఉప్పెన తుడిచిపెట్టి సుమారు 30 వేల మందిని బలిగొంది. ఆ మరుసటి ఏడాది కలకత్తా రేవులో మొదలైన హెచ్చరికల పద్ధతే, మెరుగులు దిద్దుకుంటూ నేటి పదకొండు అంకెల వరసగా మారింది. ఇందులో ఒకటి, రెండు దూరాన సముద్రంలో ఏదో జరుగుతోందని బయల్దేరే ఓడలకు చెప్పేవి. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. అయిదు నుంచి ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు పెను ప్రమాదం. అయితే ఎనిమిది కన్నా తొమ్మిది తీవ్రమైనదేమీ కాదు. రేవును తన దారికి ఎడమ పక్కన వదిలేసి తుపాను వెళ్తుందనుకుంటే ఎనిమిది, కుడి పక్కన వదిలేస్తుందనుకుంటే తొమ్మిది, రేవు మీదుగానో దాన్ని ఆనుకునో వెళ్తుందనుకుంటే పది. అంటే అది తీవ్రతను కొలిచే అంకె కాదు, దిక్కును చెప్పే అంకె.

నావికుడికి ఇది ప్రాణాధారమైన సమాచారం. మన తీరంలో ఊళ్లకూ అంతే, ఎవరైనా విడమరిచి చెబితే. పడమరగా వచ్చే తుపానుకు కుడి వైపు, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికే గాలి సముద్రం నుంచి నేల వైపు వీస్తుంది. ఉప్పెన లేచేదీ అక్కడే. ఎడమ వైపున గాలి నీటిని సముద్రంలోకి నెడుతుంది. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి అర నిమిషం పట్టదు. కానీ ఓడలు రావడం మానేసిన కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఎన్నో నంబరు ఎగరేశారో అరగంటకోసారి చెప్పే చానెళ్లలో ఆ రెండు వాక్యాలు వినిపించడం అరుదు.

మాట తెలిసినవాళ్లు, మరిచినవాళ్లు

2013 నవంబరు 8న హయాన్ ఫిలిప్పీన్స్‌ను తాకింది. తుపాను వస్తోందని టక్లోబాన్ నగరవాసులకు తెలుసు. 'స్టార్మ్ సర్జ్' వస్తుందని అధికారులు చెప్పారు కూడా. ఆ ఇంగ్లిషు మాట చాలామందికి అర్థం కాలేదు. సునామీ అని చెప్పి ఉంటే పారిపోయేవాళ్లమని బతికి బయటపడ్డవారు వాపోయారు. మృతుల సంఖ్య 6,300 దాటింది.

ఆ విషయంలో మనం అదృష్టవంతులం. అంతటి విపత్తుకు మూడక్షరాల సొంత మాట ఉంది మనకు: ఉప్పెన. దాన్ని తీరంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. అయినా మన ప్రకటనల్లో వినిపించేది 'సాధారణ స్థాయి కన్నా ఒక మీటరు ఎత్తున అలలు ఎగసిపడే అవకాశం' అన్న వాక్యమే. అల వేరు, ఉప్పెన వేరు. అల వచ్చి వెనక్కి పోతుంది. ఉప్పెన అంటే సముద్ర మట్టమే లేచి ఊరి మీదికి నడిచి రావడం, గంటల తరబడి పోకపోవడం. ఇప్పటి కుర్రకారుకు ఉప్పెన అంటే 2021లో వచ్చిన సినిమా ముందు గుర్తొస్తుంది. తప్పు వారిది కాదు, ఆ మాటను సరైన సమయంలో వాడని మనది.

1977 నవంబరు 19న దివిసీమలో అయిదు మీటర్ల ఎత్తున నీరు లేచింది. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. అంతకు వారం ముందే తమిళనాట నాగపట్నాన్ని మరో తుపాను తాకింది కాబట్టి తుపాను కబురు ఎవరికీ కొత్త కాదు. గాలి మాట రేడియోలో విన్నవారూ ఉన్నారు. నీటి మాట గట్టిగా చెప్పేవారు, చెప్పినా తీసుకెళ్లి ఎత్తు మీద దించేవారు లేకపోయారు. ఆ తర్వాత తీరంలో తుపాను ఆశ్రయాలు కట్టారు. 1980ల మధ్యలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా నేరుగా తీర ప్రాంత కార్యాలయాలకు స్థానిక భాషలో హెచ్చరికలు వినిపించే పెట్టెలు వచ్చాయి. 1990 మేలో దాదాపు అదే చోట మరో పెద్ద తుపాను విరుచుకుపడినప్పుడు లక్షన్నర మందికి పైగా ముందే ఖాళీ చేయించారు. మృతులు వెయ్యిలోపే. వెయ్యి చిన్న సంఖ్య కాదు గానీ, పదమూడేళ్లలో వచ్చిన తేడా అది.

గంగకు అవతలి కథ ఇంకా పెద్దది. 1970 నవంబరు 12 రాత్రి నాటి తూర్పు పాకిస్థాన్‌లో భోలా తుపాను కనీసం 3 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. తుపాను వస్తోందని ఆ దీవుల్లో చాలామందికి తెలుసు, గట్టి కట్టడాల్లోకి చేరినవారు మాత్రం బహు కొద్దిమంది. అందుకే బంగ్లాదేశ్ 1972లో మొదలుపెట్టిన తుపాను సన్నద్ధత పథకంలో వార్తా ప్రసారాన్ని మాత్రమే నమ్ముకోలేదు. ఊళ్లోని మనుషుల్నే వలంటీర్లుగా చేర్చుకుని, చేతికి మెగాఫోన్ ఇచ్చి, జెండాల లెక్క నేర్పింది. ఒక జెండా ఎగిరితే జాగ్రత్త పడాలి, మూడు ఎగిరితే బయల్దేరాలి. ఇప్పుడా వలంటీర్లు 70 వేల పైచిలుకు. 1991లో లక్షా 38 వేల మందిని కోల్పోయిన ఆ దేశం 2007లో సిద్ర్‌కు కోల్పోయింది సుమారు 3,400 మందిని. పక్కింటి మనిషి తలుపు తట్టి చెప్పిన మాటకు ఉండే బలం తెర మీది ఎర్రపట్టీకి ఉండదు.

పెను తుపాను, రోజుకొకటి

టీవీల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వాతావరణ శాఖ లెక్కలో గంటకు 62 కిలోమీటర్ల వేగం అందుకుంటే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 222 దాటితేనే సూపర్ సైక్లోన్, తెలుగులో పెను తుపాను. 1999 అక్టోబరు 29న ఒడిశాలో పారాదీప్ ప్రాంతాన్ని తాకి 10 వేల మందిని మింగింది అలాంటిదే. ఆ తర్వాత బంగాళాఖాతంలో ఆ స్థాయికి చేరింది 2020లో ఆంఫన్ ఒక్కటే, అదీ తీరం చేరేలోపు బలం తగ్గింది. మన చానెళ్ల లెక్కలో మాత్రం ఏడాదికి రెండు మూడు పెను తుపానులు.

2013 శరత్తులో ఈ అతి ఎలా ఎదురు తిరుగుతుందో కళ్లారా చూశాం. అక్టోబరులో ఫైలిన్ వచ్చింది. ఇది సూపర్ సైక్లోనేనని, భారత వాతావరణ శాఖ తక్కువ చేసి చెబుతోందని విదేశీ నిపుణులు కొందరు విరుచుకుపడ్డారు. నాటి శాఖాధిపతి ఎల్.ఎస్. రాథోర్ తమ అంచనా మీదే నిలబడ్డారు. అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆయన మాటే నిలిచింది. ఒడిశా, ఆంధ్రల్లో కలిపి పది లక్షల మందికి పైగా అప్పటికే సురక్షిత ప్రాంతాల్లో ఉన్నారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది.

నవంబరులో హెలెన్ మచిలీపట్నాన్ని తాకింది. ఆ వెంటనే లెహర్. ఫైలిన్‌ను మించిపోతుందన్నట్టు చానెళ్లు హోరెత్తించాయి. నవంబరు 28న అదే మచిలీపట్నం దగ్గరికి చేరేసరికి అది వట్టి వాయుగుండంగా చప్పబడిపోయింది. శాస్త్రవేత్తలకు అది ఊరట. మూటాముల్లె, మేకలు, పసిపిల్లలతో బడి భవనంలో రాత్రి గడిపి తిరిగొచ్చిన కుటుంబానికి మాత్రం 'ఏమీ రాలేదు' అన్న జ్ఞాపకం. మళ్లీ ఎవరైనా కదలమంటే ఆ జ్ఞాపకమే అడ్డం పడుతుంది. ముందుజాగ్రత్తగా ఖాళీ చేయించడం తప్పు కాదు. బలహీనపడే అవకాశమూ ఉందని ముందే చెప్పకపోవడం తప్పు. అవకాశాల భాష మన వార్తల్లో ఎప్పుడూ అలవాటు కాలేదు. 'అక్కడక్కడా' వర్షాలంటే వాతావరణ శాఖ దృష్టిలో నాలుగో వంతు కేంద్రాలకు మించకుండా అని అర్థమనీ, 'అత్యంత భారీ' అంటే ఒక్క రోజులో 20 సెంటీమీటర్లకు పైగా అనీ ఎంతమంది విలేకరులకు తెలుసు?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది 'తీరం దాటింది' అన్న మాట. మన చెవికి అది గండం గడిచిందన్నట్టే వినిపిస్తుంది. రెయిన్‌కోటు వేసుకుని సముద్రపు ఒడ్డున గాలికి ఊగుతూ మాట్లాడే విలేకరులు కూడా ఆ ఘడియ కోసమే కాచుకుని, అది కాగానే సర్దుకుంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటల ఫొటోలు దేశమంతా చూసింది. ఒడిశాలో ప్రాణనష్టం మాత్రం తీరంలో కాదు, గజపతి జిల్లా కొండల్లో ఎక్కువ జరిగింది. వానకు భయపడి గుహలో తలదాచుకున్నవారి మీద కొండచరియ విరిగిపడింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేనాటికే చెన్నై మునిగిపోయి ఉంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో తీరం దాటింది. మర్నాడు నీట మునిగింది సముద్రమే ఎరగని వరంగల్.

నడిసంద్రంలో వినేదెవరు?

2017 నవంబరు చివరి రోజుల్లో ఓఖీ కన్యాకుమారి దగ్గర చూస్తుండగానే తుపానుగా మారింది. అది తుపానని ప్రకటించే నవంబరు 30 నాటికి తమిళనాడు, కేరళ మత్స్యకారులు వందల మంది రోజుల కిందటే వేటకు వెళ్లి ఉన్నారు. వందలాది మంది తిరిగి రాలేదు. 1996లో కోనసీమ తుపానుకూ మన పడవలు ఇలాగే గల్లంతయ్యాయి. తీరానికి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే మొబైల్ సిగ్నల్ అందదు, ఇక ఎవరి చానెల్ ఎవరు చూడాలి? ఉపగ్రహం ద్వారా నడిసంద్రంలోని పడవకు హెచ్చరిక పంపే 'జెమిని' పరికరాన్ని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2019లో విడుదల చేసింది. మంచి పని, ఓఖీ తర్వాత రెండేళ్లకు.

విన్నవారైనా కదలగలగాలి. అమెరికాలో 2005 ఆగస్టు 28న, కత్రినా తాకడానికి ముందు రోజు, న్యూ ఆర్లియన్స్ ప్రాంత వాతావరణ కార్యాలయం ఒళ్లు గగుర్పొడిచే ప్రకటన వెలువరించింది. ప్రాంతంలో ఎక్కువ భాగం వారాల తరబడి నివాసయోగ్యంగా ఉండదని సూటిగా చెప్పింది. అంతకన్నా స్పష్టమైన హెచ్చరిక ఉండదు. తప్పనిసరిగా ఖాళీ చేయాలన్న ఆదేశం వచ్చిందీ ఆ ఉదయమే. కారు లేనివారు ఆ నగరంలో లక్ష మంది దాకా ఉన్నారు. 2023లో సవరించిన లెక్క ప్రకారం కత్రినా మృతులు 1,392 మంది. మయన్మార్‌లో మరో రకం కథ. 2008 మేలో నర్గిస్ గురించి 48 గంటల ముందే ఢిల్లీ నుంచి హెచ్చరిక వెళ్లింది. ఇరవతీ డెల్టా ప్రజలకు అది సరిగా చేరనే లేదు. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిసి లక్షా 38 వేల మంది.

ఒడిశా తన పాఠం తాను నేర్చుకుంది. 2018లో తీరం వెంబడి 122 సైరన్ స్తంభాలు నిలబెట్టింది. 2019 మేలో ఫణి పూరీని తాకేలోపు 26 లక్షల సంక్షిప్త సందేశాలు, వేల మంది వలంటీర్లు, 12 లక్షల మంది తరలింపు. మృతులు 64 మంది. 2023లో దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా కీచుమని మోగి జనం ఉలిక్కిపడ్డ ప్రయోగం కూడా ఈ దారిలోదే.

కాకపోతే ఫోనుకు టవరు కావాలి, టవరుకు కరెంటు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా చెప్పిన చోటికే, విశాఖపట్నానికే వచ్చింది. మధ్యాహ్నానికి విమానాశ్రయం కప్పు లేచిపోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, వాతావరణ శాఖ రాడార్ కూడా దెబ్బతింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. నగరం ఎంత దెబ్బతిన్నదో హైదరాబాద్‌లో, ఢిల్లీలో జనం టీవీల్లో చూస్తున్నారు. విశాఖలో ఉన్నవారికి మాత్రం నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో, పాల ప్యాకెట్టు ఎక్కడ దొరుకుతుందో చెప్పే దిక్కు లేదు. బ్యాటరీ ట్రాన్సిస్టర్ అటక మీద మిగిలి ఉన్న ఇళ్లే నయం. ఓడరేవుల వరసలో పదో నంబరు తర్వాత పదకొండోది ఒకటుంది. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక వాతావరణం ప్రమాదకరంగా ఉందని స్థానిక అధికారే తన బుద్ధితో నిర్ణయించుకున్నాడు అని దాని అర్థం.