మీకు తెలుసా? కెప్టెన్ పట్టీ, బెంచీ బలం, కోట్ల బేరం!

ఫుట్‌బాల్ అభిమానులు ఇద్దరు కలిస్తే 3 గొడవలు ఖాయం! కెప్టెన్‌గా ఎవరుండాలి? బెంచీ మీద సరుకుందా? ఈసారి ఎవరిని కొంటున్నాం? లండన్‌లోనైనా, కోల్‌కతాలోనైనా ఇదే వరస! ఈ గొడవల్లో అక్కరకొచ్చే ముచ్చట్లు కొన్ని మీ చెవిన వేస్తాను. ఇలా దగ్గరికి రండి!

ముందు కెప్టెన్ సంగతి. మైదానంలో కెప్టెన్‌కి ఉండే ప్రత్యేక హక్కులేమిటో చెప్పుకోండి చూద్దాం! ఏమీ లేవు! ఫుట్‌బాల్ రూల్స్‌లో 3వ నియమం తీయండి. కెప్టెన్‌కి ప్రత్యేక హోదా గానీ, హక్కులు గానీ లేవని అందులో స్పష్టంగా ఉంది. జట్టు ప్రవర్తనకు మాత్రం కొంత బాధ్యత అతనిదే! ఇంత చిన్న పట్టీ కోసమా అంత పెద్ద గొడవ? అవును, దానికోసమే!

ఆ పట్టీని 1988 జనవరి 1న ఆర్సెనల్ ఓ కుర్రాడి చేతికి కట్టింది. పేరు టోనీ ఆడమ్స్. వయసు 21! ఆటకు వీడ్కోలు పలికేదాకా, అంటే 14 ఏళ్లు, కెప్టెన్ అతనే! 1989, 1991, 1998, 2002 లీగ్ టైటిళ్లు అతని హయాంలోవే. మూడు వేర్వేరు దశాబ్దాల్లో టైటిల్ నెగ్గిన కెప్టెన్! "కుర్రాడికి అప్పుడే కెప్టెన్సీ ఏమిటి?" అని ఎవరైనా మూతి విరిస్తే ఈ ఒక్క పేరు చెప్పండి చాలు!

మరి అతని తర్వాత? ఊపిరి బిగపట్టండి! 2005లో వియేరా యువెంటస్‌కి. 2007లో ఆన్రీ బార్సిలోనాకి. 2011లో ఫాబ్రెగాస్ కూడా బార్సిలోనాకే! 2012లో వాన్ పెర్సీ మాంచెస్టర్ యునైటెడ్‌కి. 2014లో వెర్మాలెన్, మళ్లీ బార్సిలోనాకి! పదేళ్లు తిరక్కుండానే ఐదుగురు ఆర్సెనల్ కెప్టెన్లు వేరే క్లబ్బులకు అమ్ముడైపోయారు! వీటిలో అభిమానుల కడుపు మండించింది వాన్ పెర్సీ బేరం. వెళ్లిన తొలి సీజన్‌లోనే 26 లీగ్ గోల్స్ కొట్టి ప్రత్యర్థికి టైటిల్ అందించాడు మరి!

ఆర్సెనల్‌లోనే ఇంకో కెప్టెన్ ముచ్చట వినండి. 2019 అక్టోబరు. సొంత స్టేడియం. క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆట. కెప్టెన్ గ్రానిట్ షాకాను వెనక్కి పిలిచారు. అతను నింపాదిగా నడిచొస్తున్నాడు. సొంత అభిమానులే గేలి చేశారు! షాకా చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఇంకా గట్టిగా అరవండి" అన్నట్టు సైగ చేశాడు. లోపలికి వెళ్లకముందే జెర్సీ విప్పేశాడు! కొద్ది రోజుల్లోనే కెప్టెన్సీ ఊడింది. ఇక వీడి పని అయిపోయిందనుకున్నారంతా. కానీ 2023 మేలో ఆ క్లబ్బుకి ఆడిన ఆఖరి మ్యాచ్‌లో అతను కొట్టిన గోల్స్ 2! ఉండిపొమ్మని పాటలు పాడింది కూడా ఆ అభిమానులే!

ఇక ఇటలీకి పదండి! 1963లో ఏసీ మిలాన్ కెప్టెన్‌గా చెజారే మాల్దీని యూరోపియన్ కప్ ఎత్తాడు. 2003లో అదే క్లబ్బు కెప్టెన్‌గా అదే కప్పు ఎత్తింది ఎవరో తెలుసా? అతని కొడుకు పావ్‌లో! సరిగ్గా 40 ఏళ్ల తేడా! ఇంకో చిత్రం ఏమిటంటే ఆ రెండు ఫైనల్సూ ఇంగ్లండ్‌లోనే జరిగాయి!

గోల్‌కీపర్ కెప్టెన్ అయితే ఏం లాభం అని వాదించేవాళ్లకు బ్రెజిల్ నుంచి జవాబు! సావో పావ్‌లో కెప్టెన్ రొజేరియో సెనీ గోల్‌కీపరే. ఫ్రీకిక్కులు, పెనాల్టీలు తనే కొట్టేవాడు. 2011లో అతని గోల్స్ లెక్క 100కి చేరింది! ఆపేవాడే వంద కొట్టాడన్నమాట!

2015–16లో లీస్టర్ సిటీ టైటిల్ నెగ్గడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కెప్టెన్ వెస్ మోర్గన్ ఎన్ని నిమిషాలు ఆడాడో తెలుసా? 3,420! అంటే 38 మ్యాచ్‌లు, ప్రతి మ్యాచ్‌లో 90 నిమిషాలు! ఒక్క నిమిషం కూడా బెంచీ మీద కూర్చోలేదు!

బెంచీ అన్నాం కాబట్టి అసలు రహస్యం చెప్పాలి. 1965 దాకా ఇంగ్లిష్ లీగ్‌లో సబ్‌స్టిట్యూట్ అనేవాడే లేడు! ఎవరికైనా కాలు విరిగితే మిగిలిన 10 మందీ లాక్కురావాల్సిందే! ఆ ఏడాది ఆగస్టు 21న చార్ల్‌టన్ ఆటగాడు కీత్ పీకాక్ మొట్టమొదటి సబ్‌గా దిగాడు. అప్పట్లో ఒక్కడికే అనుమతి, అదీ గాయమైతేనే! ఇప్పుడు ప్రీమియర్ లీగ్ బెంచీ మీద ఎందరు కూర్చుంటారు? 9 మంది!

"జట్టులో జనం చాలరు" అని అభిమానులు మొత్తుకోవడం వింటూనే ఉంటాం. అయితే ఇది చూడండి. 1980–81లో ఆస్టన్ విల్లా లీగ్ టైటిల్ నెగ్గింది. 42 మ్యాచ్‌ల సీజన్. మొత్తం ఎంతమందితో ఆడిందో తెలుసా? 14 మందితో! పొరపాటు లేదు, పద్నాలుగే! వాళ్లలో ఏడుగురు ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఈ రోజుల్లో ఓ సాయంత్రం ఆటకే 16 మందిని దించుతున్నారు!

నా మటుకు నాకు బెంచీ కథలన్నిట్లోకీ గొప్పది ఆ విల్లాదే. 1982 మే. రోటర్‌డామ్. యూరోపియన్ కప్ ఫైనల్. ఎదురుగా బయర్న్ మ్యూనిక్! ఆట మొదలై పది నిమిషాలు అయ్యేసరికి విల్లా గోల్‌కీపర్ జిమ్మీ రిమ్మర్ నొప్పితో బయటికొచ్చేశాడు. బెంచీ మీంచి నైజెల్ స్పింక్ లేచాడు. వయసు 23. అప్పటిదాకా మొదటి జట్టుకు ఆడినవి ఎన్ని? 1! ఒకే ఒక్క మ్యాచ్! ఎదుట రుమెనిగె లాంటి గోల్స్ యంత్రం! బయర్న్ దాడి మీద దాడి చేసింది. స్పింక్ వాలాడు, దూకాడు, తోశాడు, పట్టాడు. ఒక్కటంటే ఒక్కటి లోపలికి పోనివ్వలేదు! పీటర్ విత్ కొట్టిన ఏకైక గోల్‌తో విల్లా యూరప్ విజేత అయింది! రెండో కీపర్ ఎవరైతే ఏముందిలే అనే మాట ఇకమీదట అననే అనకండి!

1996లో మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు అలన్ షియరర్ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. అతను కోటిన్నర పౌండ్లకు న్యూకాజిల్ వెళ్లిపోయాడు! యునైటెడ్‌కి దొరికింది నార్వే కుర్రాడు సోల్‌షార్. ధర అందులో పదో వంతు, 15 లక్షల పౌండ్లు! 1999 ఫిబ్రవరిలో అతను నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద బెంచీ నుంచి దిగి చివర్లో ఏకంగా 4 గోల్స్ కొట్టాడు! ఆ మేలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఇంజురీ టైమ్ గెలుపు గోల్ ఎవరిది? అది కూడా బెంచీ నుంచి దిగిన సోల్‌షార్‌దే!

ఒకే క్లబ్బు 24 గంటల్లోపు రెండు ఖండాల్లో ఆడగలదా? లివర్‌పూల్ ఆడింది! 2019 డిసెంబరు 17న ఇంగ్లండ్‌లో లీగ్ కప్ మ్యాచ్. మర్నాడే ఖతార్‌లో క్లబ్ వరల్డ్ కప్ సెమీస్! పెద్దవాళ్లంతా ఖతార్‌లో ఉండిపోయారు. ఇక్కడ పిల్లల్ని దించారు. వాళ్ల సగటు వయసు 19 ఏళ్ల 182 రోజులు! పాపం 5–0తో ఓడారు. అయినా అభిమానులు నిలబడి చప్పట్లు కొట్టారు! అక్కడ పెద్దలు మాత్రం సెమీస్ గెలిచి, ఆనక కప్పు కూడా పట్టుకొచ్చారు!

సెల్టిక్ 1967లో యూరోపియన్ కప్ నెగ్గినప్పుడు బరిలో ఉన్న 11 మందీ ఎక్కడివాళ్లు? అంతా గ్లాస్గో చుట్టుపక్కల 30 మైళ్ల లోపు పుట్టినవాళ్లే! మరి 1999 క్రిస్మస్ మర్నాడు చెల్సీ దించిన 11 మందిలో బ్రిటన్ వాళ్లెందరు? ఒక్కడూ లేడు!

బెంచీ బలం లేకపోయినా గెలిచిన జట్టు మనకూ ఉంది! 1962 జకార్తా ఆసియా క్రీడలు. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది. 6 కుట్లు పడ్డాయి! కూర్చోబెట్టాలి కదా? రహీమ్ అతన్ని స్ట్రైకర్‌గా దించాడు! ఆ కుట్లున్న తలతోనే అతను సెమీస్‌లో గోల్ కొట్టాడు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు! మనకు స్వర్ణం! ఆ ముందుచూపును తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రహీమే తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంగతి మీ ఇంట్లో పెద్దల్ని అడగండి! ఒకప్పుడు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను 1950 నుంచి వరసగా 5 సార్లు ఎగరేసుకొచ్చింది! మళ్లీ చెబుతున్నా, వరసగా!

డబ్బు పోస్తే బెంచీ నిండుతుంది. మరి కప్పు వస్తుందా? 2022–23లో చెల్సీ ఆటగాళ్ల కోసం 50 కోట్ల పౌండ్లకు పైగా కుమ్మరించింది. లీగ్‌లో ఎన్నో స్థానం వచ్చింది? 12! ఇంతకంటే చెప్పడానికేముంది!

ఇక కొనుగోళ్లు! 1905లో మిడిల్స్‌బ్రో ఒక్క ఆటగాడికి 1,000 పౌండ్లు పోసింది. అతనే ఆల్ఫ్ కామన్. లోకం ముక్కున వేలేసుకుంది! అతను మొదటి మ్యాచ్‌లోనే పెనాల్టీ కొట్టి గెలిపించాడు. పరాయి ఊళ్లో గెలవక దాదాపు రెండేళ్లయిన జట్టది!

ట్రెవర్ ఫ్రాన్సిస్ 1979లో బ్రిటన్ తొలి 10 లక్షల పౌండ్ల ఆటగాడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కొన్నది. అతని తొలి యూరోపియన్ కప్ మ్యాచ్ ఏదో తెలుసా? ఏకంగా ఫైనల్! ఫలితం 1–0. ఆ ఒక్క గోల్ కొట్టింది అతనే! ఒక్క హెడర్‌తో బాకీ మొత్తం చెల్లు!

ఆటగాడి పేరుతో ఎన్నికలు గెలవొచ్చని తెలుసా? 2000లో రియల్ మాడ్రిడ్ అధ్యక్ష ఎన్నికలు. బార్సిలోనా ముద్దుబిడ్డ లూయీస్ ఫిగోను తెస్తానని అభ్యర్థి పెరెజ్ హామీ ఇచ్చాడు. తేలేకపోతే సభ్యుల చందాలు తానే కడతానన్నాడు! గెలిచాడు. దాదాపు 6 కోట్ల యూరోలకు ఫిగోను తెచ్చాడు! బార్సిలోనా మర్చిపోతుందా? 2002లో ఫిగో అక్కడ కార్నర్ కొట్టడానికి వెళ్తే సీసాలు, నాణేలు వానలా కురిశాయి. గడ్డి మీద ఓ పంది తల వచ్చి పడింది! ఆట దాదాపు పావుగంట ఆగింది!

అతి చిత్రమైన బేరం ఇది! 2013లో ఆర్సెనల్ సువారెజ్ కోసం లివర్‌పూల్‌కి పంపిన ధర ఎంతో తెలుసా? 4,00,00,001 పౌండ్లు! నాలుగు కోట్ల మీద ఒక్క పౌండు! నాలుగు కోట్లు దాటితేనే అతని ఒప్పందంలోని షరతు కదులుతుందని ఆ లెక్క. లివర్‌పూల్ ససేమిరా అంది. ఆ సీజన్‌లోనే సువారెజ్ లీగ్‌లో 31 గోల్స్ కొట్టాడు!

ఫ్యాక్టరీలో పనిచేస్తూ చిన్న లీగుల్లో ఆడిన జేమీ వార్డీని లీస్టర్ 2012లో 10 లక్షల పౌండ్లకు కొన్నది. 2015లో అతను వరసగా 11 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టాడు! అది కొత్త రికార్డు!

ఆటగాడిని రొయ్యలతో కొన్నారంటే నమ్ముతారా? నార్వేలో 2002లో నిజంగానే జరిగింది! కెన్నెత్ క్రిస్టెన్‌సెన్ ఎంత బరువుంటే అంత బరువు రొయ్యలు! అటు నేమార్ కోసం 2017లో పారిస్ క్లబ్బు కట్టింది 22 కోట్ల 20 లక్షల యూరోలు!

2024 వేసవిలో లివర్‌పూల్ ప్రధాన జట్టులోకి కొత్తగా వచ్చింది ఒక్కడే, కియేజా! "ఇలాగైతే మునిగాం" అన్నారు చాలామంది. ఆ సీజన్ టైటిల్ లివర్‌పూల్‌దే! మరుసటి వేసవిలో అదే క్లబ్బు ఇసాక్ కోసం 12.5 కోట్ల పౌండ్లు కట్టి బ్రిటన్ రికార్డు బద్దలు కొట్టింది!

అథ్లెటిక్ బిల్బావ్ అభిమానుల వాదన మాత్రం వేరే! ఆ క్లబ్బు బాస్క్ ప్రాంతం వాళ్లను, అక్కడ ఆట నేర్చినవాళ్లను తప్ప ఎవరినీ తీసుకోదు. అయినా 1929 నుంచి స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారీ కిందికి జారలేదు! అలాంటి క్లబ్బులు మొత్తం 3. మిగతా రెండూ రియల్ మాడ్రిడ్, బార్సిలోనా!

చివరగా బదిలీల ఆఖరి రోజు ముచ్చట! 2013 జనవరి 31 రాత్రి. వెస్ట్‌బ్రామ్ స్ట్రైకర్ ఓడెమ్‌వింగీ సొంత కారులో లండన్ వచ్చేశాడు. క్వీన్స్ పార్క్ రేంజర్స్ స్టేడియం బయట ఆపి, కారు అద్దం దించి టీవీ వాళ్లతో ఉత్సాహంగా మాట్లాడాడు. కానీ రెండు క్లబ్బులకూ బేరమే కుదరలేదు! గేటు తెరుచుకోలేదు. వచ్చిన కారులోనే వెనక్కి! అతన్ని తర్వాత కార్డిఫ్ కొన్నది. ఎప్పుడు? సెప్టెంబరు 2న. అది కూడా బదిలీల ఆఖరి రోజే!