పెంటికలు చెప్పే కబుర్లు

ఈస్టర్ వచ్చిందంటే మా ఇంట్లో పేచీయే! స్నేహితులందరికీ చాక్లెట్ కుందేళ్ళు. మా పాపకి మాత్రం మావారు చాక్లెట్ బిల్బీ తెస్తారు. "ఇది కుందేలు కాదు, ఎలుక" అని ఆరేళ్ళప్పుడు మూతి ముడిచింది.

ఎలుకా కాదు లెండి. కుందేలు చెవులు, పందికొక్కు మూతి, పట్టులాంటి బూడిదరంగు బొచ్చు, కంగారూకి మల్లే పిల్లని మోసే సంచి. ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, బొరియ తవ్వేటప్పుడు లోపల మట్టి పడకుండా! ఒకప్పుడు ఆస్ట్రేలియాలో డెబ్బై శాతం నేల మీద తిరిగిన ఈ జీవి ఇప్పుడు ఇరవై శాతంలో కూడా లేదు. యూరప్ వాళ్ళు తెచ్చిన నక్కలు, పిల్లులు దీన్ని తిన్నాయి. కుందేళ్ళు దీని తిండి లాక్కున్నాయి. అందుకే హేగ్స్ వాళ్ళు 1993లో చాక్లెట్ కుందేళ్ళు మానేసి బిల్బీలు పోయడం మొదలుపెట్టారు. దీనికో చిన్న చెల్లెలు ఉండేది, చిన్న బిల్బీ. అది గత శతాబ్దం మధ్యలోనే అంతరించిపోయింది.

ఆలిస్ స్ప్రింగ్స్‌కి పడమరగా దాదాపు 700 కిలోమీటర్లు ఎడారిలో వెళితే కివిర్‌కురా అనే పల్లె వస్తుంది. పింటుపి ప్రజల ఊరు. వాళ్ళు బిల్బీని 'నిను' అంటారు. అక్కడి రేంజర్లు ఇసుకలో అడుగుజాడ, తవ్విన గుంట, రాలిన పెంటికలు చూసి నిను ఎప్పుడు వచ్చిందో, ఎటు వెళ్ళిందో చెప్పేస్తారు. తాతముత్తాతల పద్ధతిలో స్పినిఫెక్స్ గడ్డిని కొంచెం కొంచెంగా కాలుస్తారు. అడవిపిల్లుల జాడ పట్టి వేటాడతారు, కూర వండుకుంటారు కూడా! 2016లో ఆ మారుమూల ఊళ్ళో 'నిను పండగ' జరిగితే ఎక్కడెక్కడి రేంజర్లో తరలివచ్చారు.

ఇక మన సిడ్నీ సంగతి. సిడ్నీ విశ్వవిద్యాలయంలో కారొలిన్ హాగ్ బృందం బిల్బీ జన్యుపటాన్ని పూర్తిగా చదివి 2024 జూలైలో ప్రకటించింది. 1898లో సేకరించిన ఒక పుర్రె నుంచి ఆ అంతరించిన చెల్లెలి జన్యువుల్నీ చదివారు. ఆ పరిశోధనలో కివిర్‌కురా, న్గురారా రేంజర్లు భాగస్వాములు. ఇప్పుడు ఒక పెంటిక దొరికితే చాలు, అది ఏ బిల్బీదో, ఆడదో మగదో, ఎవరికి చుట్టమో ల్యాబ్‌లో తేల్చవచ్చు. పట్టుకోనక్కర్లేదు, బోనులో పెట్టనక్కర్లేదు.

చుట్టరికం ఎందుకంటారా? నక్కలు, పిల్లులు చొరబడకుండా కంచె వేసిన అభయారణ్యాల్లో, దీవుల్లో బిల్బీల్ని పెంచుతున్నారు. ఉన్నచోటే జతకడుతూపోతే అన్నీ దగ్గర చుట్టాలే అవుతాయి, సంతానం బలహీనపడుతుంది. మనం పెళ్ళికి ముందు గోత్రం అడిగినట్టు, ఏ బిల్బీని ఏ కంచెలోకి పంపాలో వీళ్ళు డి.ఎన్.ఏ.ని అడుగుతారన్నమాట!

కానీ ఆ పెంటిక ఎడారిలో ఎక్కడుందో ఏ యంత్రమూ చెప్పదు. ఇసుక చదవడం వచ్చినవాళ్ళే వెతికి తేవాలి. ఆ చదువు పుస్తకాల్లో లేదు. ముసలివాళ్ళ వెనక చిన్నప్పటి నుంచీ నడిస్తేనే వస్తుంది. నాకు గుబులు పుట్టించింది అదే. నిను మిగిలినా, దాని జాడ చదివే పిల్లలు మిగలాలి కదా.

మా పుట్టిల్లు మార్కాపురం వైపు. నల్లమలలో చెంచులు పులి జాడ చూసి చెప్పేవి చిన్నప్పుడు కథలుగా విన్నాను, అంతే. నేర్చుకోవాలని తోచనే లేదు. హైదరాబాద్‌లో సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ అనే ల్యాబ్ కూడా అంతరించిపోతున్న జంతువుల జన్యువుల మీద పనిచేస్తోందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. విడ్డూరం!

ఇదంతా చెప్పాక మా పాప ఊరుకోలేదు. ఆ ఆదివారం మా నాన్నగారికి వీడియో కాల్ చేసి, "తాతయ్యా, పెంటిక చూసి అది మేకదో గొర్రెదో చెప్పగలవా?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, "మేకదా, గొర్రెదా ఏంటే, మన మేకో పక్కింటి మేకో కూడా చెబుతాను" అని మొదలుపెట్టారు. అరగంటైనా ఫోను నా చేతికి రాలేదు.