చందా వెనుక సంతకం

నెలాఖరున పే స్లిప్ ఇంటికి రాగానే గృహిణి దృష్టి మొదట కోతల వైపే వెళుతుంది. భవిష్యనిధి, సొసైటీ బాకీల నడుమ యూనియన్ చందా కూడా కనిపించవచ్చు. మొత్తం స్వల్పమే. దాని వెనుక ఉన్న హక్కు మాత్రం స్వల్పం కాదు.

సంఘాలు ఏర్పరచుకొనే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ప్రసాదించింది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో తరువాత చేర్చిన నిబంధన, ఉద్యోగి లిఖితపూర్వక అనుమతి ఉంటేనే చందా కోతకు వీలు కల్పించింది. అమెరికాలో అనేక రాష్ట్రాల్లో సభ్యులు కాని ప్రభుత్వోద్యోగులు సైతం యూనియన్‌కు రుసుము చెల్లించవలసి వచ్చేది. 2018లో జేనస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిర్బంధాన్ని తొలగించింది.

వేతన ఒప్పంద ఫలం చందా ఇవ్వనివారికీ అందుతుంది గదా, అందరూ చెల్లించవలసిందే అనే వాదం ఉంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయినను నిర్బంధాన్ని మేము సమర్థింపజాలము. చందా కోతల జాబితా యాజమాన్యం కంటబడుతుంది; రహస్య ఓటు పడదు. యూనియన్ బలాన్ని రహస్య బ్యాలెట్ ద్వారా తేల్చే విధానాన్ని 1995లో భారత ఆహార సంస్థ కేసులో మన సుప్రీంకోర్టు నిర్దేశించింది.

భిలాయి-3 నుండి షిఫ్టుకు బయలుదేరే సోదరులారా! చందా ఇవ్వండి, ఇవ్వకపొండి. సంతకం మాత్రం మీ ఇష్టపూర్వకంగా చేయండి. మనసొప్పి ఇచ్చినదే సంఘానికి బలం.