మన్సూరాబాదుకు మరలివచ్చువారు

జీవికకై ఊరు విడిచిన మనుష్యుడు నడివయస్సున మరల ఆ యూరికే చేరగోరుట మన దేశమున నేటి మాట కాదు. అయితే పల్లెకు మరలువారిని గూర్చి మనము చెప్పుకొనినంతగా, ఒకే మహానగరమున ఒక అంచు నుండి మఱియొక అంచునకు పోయి, సంసారమును పెంచుకొని, తుదకు బాల్యము గడచిన పేటకే తిరిగివచ్చువారిని గూర్చి చెప్పుకొనలేదు. హైదరాబాదు తూర్పుదిక్కున, ఎల్బీనగర్‌కును హయత్‌నగర్‌కును నడుమ, విజయవాడ రహదారికి ఉత్తరముగా నున్న మన్సూరాబాద్ అట్టివారి కథను తెలిసికొనుటకు తగిన తావు.

మన్సూరాబాద్ ఒకప్పుడు చెరువుల క్రింద సాగుభూములు గల గ్రామము. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము దిక్కుల నుండి రహదారి వెంబడి వచ్చిన చిరుద్యోగులును, ఉపాధ్యాయులును, చిన్న వ్యాపారులును, నగరము నడుమ స్థలము కొనజాలక, తమ ఊరి బస్సు దిగు చోటికి చేరువగా నూరు, నూటయేబది గజములు కొని, చేతిలో డబ్బు ఆడినపుడెల్ల ఒక్కొక్క గది లేపుకొనగా ఈ పరిసరముల కాలనీలు పెరిగినవి. 1998లో నగరపు పడమట మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అను ఐటీ భవనము వెలసిన పిమ్మట, ఆ యిండ్లలో పెరిగి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రములలో చదివిన పిల్లలు పలువురు పడమటికి తరలిరి. కొందఱు సముద్రములు దాటిరి. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్ పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసిపోవుటతో ఊరి లెక్కయే మారిపోయినది.

వారిలో కొందఱు ఇపుడు మరలివచ్చుటకు మొదటి కారణము తల్లిదండ్రుల వార్ధక్యము. వయోవృద్ధులైన తల్లిదండ్రుల పోషణము సంతానము బాధ్యతయని 2007 నాటి కేంద్రచట్టము విధించినది. కాని అర్ధరాత్రి తల్లికి ఆయాసము వచ్చినపుడు బిడ్డ ప్రక్కగదిలో నుండుటను ఏ చట్టమును సమకూర్పజాలదు. రెండవ కారణము ప్రయాణ సౌకర్యము. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు మెట్రో నడచినది. 2019 నవంబరు చివర రాయదుర్గము స్టేషను తెఱవబడుటతో చేరువనున్న నాగోలులో ఎక్కినవారు బండి మారకయే ఐటీ కార్యాలయముల చెంత దిగగలుగుచున్నారు. ఉద్యోగమా, కన్నవారా యను చిక్కు ఇట్లు కొంత సడలినది.

అయినను తిరిగివచ్చినవారికి తొలినాళ్లలో ఆనందముతోపాటు దిగులును కలుగును. ఒంటి అంతస్తు ఇల్లున్నచోట అపార్ట్‌మెంట్ నిలిచినది, ‘ఎవరింటి అబ్బాయివి?’ అని నిలదీయు పెద్దలు గతించిరి. భర్తకు పుట్టినిల్లైనది భార్యకు అత్తవారి పేట, పిల్లలకు క్రొత్త బడి. ఇంటిల్లిపాదికి అది పునరాగమనము కాదు. తాము లేని యేండ్లలో వచ్చి స్థిరపడినవారి బిడ్డలకు ఈ వీధులే బాల్యభూమి. పాత వీధి లేదని నేటి వీధిని నిందించుట న్యాయము కాదు.

కాని ఆ బాల్యస్మృతికి మహత్తరమైన ప్రయోజనమొకటి కలదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతమున 30 సెంటీమీటర్లకు మించిన వర్షము కురిసినపుడు ఎల్బీనగర్, సరూర్‌నగర్, హయత్‌నగర్ పరిసరములలో పెక్కు కాలనీలు నీట మునిగినవి. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు: పైచెరువు నిండి మత్తడి దూకినచో ఆ నీరు వాగుల గుండ క్రిందిచెరువును, తుదకు మూసీని చేరవలెను. చెరువు నీరు నిలుచు శిఖము భూమి ప్లాట్లుగాను, నాలా వీధిగాను మారినచోట నీరు తన పాత త్రోవనే వచ్చి ఇండ్లలో నిలుచును. క్రొత్తగా ఇల్లు కొన్నవానికి ఆ త్రోవ కానరాదు. మన్సూరాబాద్ పెద్దచెరువు ఎంతవఱకు నిండెడిదో, మత్తడి నీరు ఎటు పాఱెడిదో, చిన్ననాడు ఆ గట్టుపై ఆడినవారికి తెలియును. చెరువుల రక్షణమునకై 2024 జూలైలో ప్రభుత్వము హైడ్రా అను సంస్థను నెలకొల్పినది. అట్టి సంస్థల పనికి ఊరివారి సాక్ష్యము గొప్ప అండ.

కావున మరలివచ్చు మిత్రులారా, ఫారం 8 నింపి మీ ఓటును ఇచటికి మార్చుకొనుడు. కాలనీ సంక్షేమ సంఘమున చేరుడు. బ్రతికియున్న పెద్దలను కూర్చుండబెట్టి చెరువు హద్దులను, నీటి త్రోవలను కాగితముపై గీయించి, స్థలము కొనబోవు ప్రతివానికిని చూపుడు. అధికారులు హద్దులు నిర్ణయించునపుడు దానిని వారి ముందుంచుడు. ఆ పెద్దలు ఉండగనే, రాబోవు వానకాలమునకు ముందే, ఈ పని జరుగవలెను.