పాత కారు, పట్టే బ్రేకు

పాత కారు కొన్నవాళ్లు ముందుగా రంగు వేయిస్తారు. తర్వాత సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, ఆపైన అలాయ్ వీల్స్. బ్రేకుల వంతు వచ్చేసరికి చేతిలో డబ్బు ఉండదు, లేదంటే ‘బాగానే పడుతున్నాయిగా’ అన్న ధీమా ఉంటుంది. కాలనీ రోడ్డు మీద నలభైలో వెళ్తున్నంతసేపు ఆ ధీమాకు ఢోకా లేదు. హైవే మీద ఎనభైలో లారీ అడ్డం వచ్చినప్పుడు సంగతి వేరు. వేగం రెట్టింపయితే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ములు, డిస్కుల మీదుగానే బయటికి పోవాలి.

మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న పాతకాపుల్లో ముఖ్యమైనవి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మేలో ఉత్తర్‌పాడా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ కూడా నిలిచిపోయింది. అంటే ఈ రెండింటిలో ఆఖరున వచ్చిన బండికి కూడా పదేళ్లు దాటాయి. పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఇప్పుడు ఎక్కువగా కనిపించే మారుతి 800లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు.

బ్రేకులు మెరుగుపరచాలనుకోగానే చాలామంది డిస్క్ కిట్ల ధరలు కనుక్కుంటారు. నిజానికి ఎక్కువ బండ్లకు కొత్తది బిగించనక్కర్లేదు. కంపెనీ నుంచి వచ్చిన నాడు ఉన్న పట్టు తిరిగి తెప్పిస్తే చాలు. ఓపిక, నాలుగు పానాలు, పెడల్ తొక్కడానికి ఇంట్లో ఒక తోడు ఉంటే ఆ పనిలో సగం వాకిట్లోనే అయిపోతుంది.

మొదలుపెట్టాల్సింది బ్రేక్ ఆయిల్‌తో. బండిలో అందరూ మరిచిపోయేది అదే. డబ్బాలో ఉండేది ఇంజిన్ ఆయిల్ జాతిది కాదు, గ్లైకాల్ రకం ద్రవం. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 గ్రేడు ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. తిరుమల, శ్రీశైలం ఘాట్లు దిగేటప్పుడు డ్రైవరు మలుపు మలుపుకీ బ్రేకు మీద కాలు పెడితే ఆ వేడి చక్రం దగ్గరి ద్రవానికి చేరుతుంది. నీరు పట్టిన ద్రవం అక్కడ మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవాన్ని నొక్కలేం, ఆవిరిని నొక్కగలం. పెడల్ మెత్తగా కిందకి పోతుంది, బండి మాత్రం ఆగదు. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో దిగమని చెప్పేది ఇందుకే. కాబట్టి రెండేళ్లకోసారి ద్రవం పూర్తిగా మార్చాలి. ఈ ఒక్క పనికి అయ్యే ఖర్చు సీటు కవర్ల ఖర్చు ముందు ఏ మూలకు?

బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద డాట్ 3 అని ఉన్నచోట డాట్ 4 పోయవచ్చు. రెండూ ఒకే జాతి, కలిసిపోతాయి. పేరు చూసి డాట్ 5 కొనకండి. అది సిలికాన్ రకం, వీటితో కలవదు. ఇక ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పొరపాటున చుక్క పడినా, పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా రబ్బరు కప్పులన్నీ ఉబ్బి పాడవుతాయి. రబ్బర్లను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగే అలవాటు చాలా షెడ్లలో ఉంది. దాని ఫలితమూ ఇదే. వాటిని కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. ఆ ఆయిల్ బాడీ మీద పడితే పెయింటు లేచిపోతుంది గనుక పక్కన నీళ్ల మగ్గు ఉంచుకోవడం మంచిది.

లోపం ఎక్కడుందో పెడల్ చాలావరకు చెప్పేస్తుంది. ఒకసారి తొక్కితే కిందకి పోయి, రెండు మూడుసార్లు కొడితే పైకి వస్తోందంటే లైన్లో గాలి పట్టి ఉండాలి, లేదా డ్రమ్ము లోపల ఒత్తుకునే షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగి ఉండాలి. కాలు అదిమి ఉంచితే నెమ్మదిగా దిగిపోతోంది, బయట ఎక్కడా తడి లేదు అంటే మాస్టర్ సిలిండర్ లోపల కప్పులు అరిగాయి. తొక్కుడుకు బలం కలిపే బూస్టర్ ఉన్న బండిలో ఇంకో పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కాస్త కిందకి జారితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకి లాగితే అందరూ షూలనే అనుమానిస్తారు. అసలు దొంగ చాలాసార్లు పాత రబ్బరు హోసు. పైకి బాగానే ఉండి లోపల ఉబ్బిపోతుంది. ద్రవాన్ని పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఆ చక్రం బ్రేకు పట్టి వదలదు.

చక్రం విప్పే ముందు జాగ్రత్త. జాకీ బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. గట్టి సమతల నేల మీద ఎత్తి, లోడుకు సరిపడే ఇనుప స్టాండ్ల మీద దించి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. వెనక డ్రమ్ము ఊడిరావాలంటే హ్యాండ్ బ్రేకు వదలక తప్పదు కాబట్టి ముందు చక్రాల దిమ్మలే ఆధారం.

డ్రమ్ము ఊడగానే నల్లటి పొడి కనిపిస్తుంది. దాన్ని గాలి కొట్టి ఊదేయడం మన షెడ్లలో రివాజు. అది మానేయాలి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని పీచు ఊపిరితిత్తులకు ప్రమాదం. మాస్కు పెట్టుకుని, పొడిని తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. రెండు పక్కలూ ఒకేసారి విప్పకుండా ఒకటి పూర్తయ్యాక రెండోది విప్పితే, స్ప్రింగు ఎటు తగిలించాలో చూసుకోవడానికి ఒక నమూనా మిగులుతుంది. వీల్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే లీకు మొదలైనట్టే. ఆయిల్ పీల్చిన షూలను ఎంత కడిగినా, గరుకు కాగితంతో ఎంత రుద్దినా లాభం లేదు. జతలుగా మార్చాలి. డిస్క్ ప్యాడ్ మీద అరిగే పదార్థం 3 మిల్లీమీటర్లకు వస్తే దాని పనీ అయిపోయినట్టే. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో నెలల తరబడి కదలని కార్లకు అరుగుదలకన్నా తుప్పే పెద్ద శత్రువు. పిస్టన్లు సిలిండర్లలోనే పట్టుకుపోతాయి.

ఇక బ్రేకు లైన్లోని గాలి తీయడం. కుడివైపు స్టీరింగు ఉన్న బండిలో మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరం సాధారణంగా వెనక ఎడమ చక్రం. అక్కడి నుంచి మొదలుపెట్టి దగ్గరికి రావాలి. కొన్ని బండ్లకు వరస వేరు, అందుకే సర్వీస్ మాన్యువల్ చూసుకోవాలి. చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌కు పారదర్శకమైన ట్యూబు తగిలించి, కొస సీసాలోని కొత్త ద్రవంలో ముంచాలి. లోపలి మనిషి తొక్కి పట్టుకోగానే బయటి మనిషి నిపుల్ వదులు చేయాలి, బుడగలు వచ్చాక బిగించాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. ట్యాంకు మధ్యలో ఖాళీ అయితే మళ్లీ మొదటికే. ఇంకో కిటుకు: పాత బండిలో పెడల్‌ను నేలకు అంటేదాకా తొక్కకూడదు. ఎన్నడూ కప్పు ప్రయాణించని చోట సిలిండర్ లోపల తుప్పు పేరుకుని ఉంటుంది. కప్పు అక్కడికి పోతే చిరుగుతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెడితే ఆ గొడవ ఉండదు.

ఇవన్నీ అయ్యాకే కొత్త హంగుల మాట. డిస్కు గొప్పదనం 1953 లే మాన్స్ రేసులో జాగ్వార్ సీ టైప్ గెలుపుతోనే లోకానికి తెలిసింది. వేడి త్వరగా వదులుతుంది, నీళ్లలోంచి వచ్చాక త్వరగా తేరుకుంటుంది. పాత అంబాసిడర్‌కు ఆ కంపెనీ తర్వాతి మోడల్ డిస్కులు వేయిస్తున్నవాళ్లు ఉన్నారు. కానీ అది నట్లు బిగించే పని మాత్రమే కాదు. డ్రమ్ములో ముందు షూ తిరిగే డ్రమ్ముతో పాటు లాక్కుపోయి తనంతట తానే బిగుస్తుంది. డిస్కులో ఆ సాయం ఉండదు, అందుకని బూస్టర్ అవసరం పడుతుంది. డ్రమ్ బండి మాస్టర్ సిలిండర్‌లో లైన్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటుంది. దాన్నే డిస్కుకు కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. ముందు వెనక బ్రేకుల పాళ్లు కుదరక వెనక చక్రాలు ముందే పట్టేస్తే బండి గిర్రున తిరుగుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ నిర్దేశించిన వివరాలు మార్చడాన్ని కట్టడి చేస్తోంది. ఈ పని అనుభవమున్న మెకానిక్‌కు, రవాణా శాఖ అధికారిని అడిగాకే అప్పగించాలి.

తొలితరం అంబాసిడర్ల సంగతి కొంచెం వేరు. వాటి బ్రేకులది ఒకే సర్క్యూట్. ఒక్క పైపు చిట్లితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయి హ్యాండ్ బ్రేకే దిక్కవుతుంది. అలాంటి బండికి డిస్కులకన్నా ముందు కొత్త పైపులు, హోసులు, సరిగ్గా లాగే హ్యాండ్ బ్రేకు కేబులు కావాలి. సామాన్లకు విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్ ఉండనే ఉన్నాయి. నకిలీ సరుకూ అంతే దొరుకుతుంది కాబట్టి బిల్లు లేకుండా బ్రేకు సామాను కొనవద్దు.

పని పూర్తయ్యాక నిలబడ్డ బండిలో పెడల్ గట్టిగా ఉందో లేదో, ఎక్కడైనా తడి ఉందో చూసి, ఖాళీ రోడ్డులో నెమ్మదిగా పరీక్షించాలి. కొత్త షూలు, ప్యాడ్లు కుదురుకునేదాకా ఒక మోస్తరు వేగం నుంచి మెల్లగా బ్రేకు వేస్తూ, మధ్యలో చల్లారనివ్వాలి.

ఒక చివరి తనిఖీకి పానా కూడా అక్కర్లేదు. బ్రేకు ఆపేది చక్రాన్ని, బండిని ఆపేది టైరు. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారీ. అప్పుడప్పుడు మాత్రమే బయటికి తీసే కారు టైర్లలో గాట్లు నిండుగా కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. అంకె చూశాక టైరు వయసు పదేళ్లకు చేరువగా ఉంటే, డిస్క్ కిట్టుకు దాచిన డబ్బు ముందుగా టైర్లకు పెట్టండి.