అకామా గడువు, నిఖానామా కాగితం: గల్ఫ్ కుటుంబాలకు మన సాయం ఎందుకు?



పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి సూటిగా అడిగారు: “గల్ఫ్‌లో సంపాదించుకునేవాళ్లకు మన సొసైటీ సొమ్ము ఎందుకు? ఇక్కడ తిండికి లేనివాళ్లు లేరా?” ఆ ప్రశ్న సబబైనదే. ఆ రోజు నమాజు వేళ కావడంతో పూర్తిగా జవాబు చెప్పలేకపోయాం. ఈ సంచికలో వివరంగా రాస్తున్నాం.

మా ఆఫీసు గుమ్మం ఎక్కే గల్ఫ్ కుటుంబాల్లో చాలామంది జీతం చాలడం లేదని రారు. కాగితం గడువు తీరిపోయిందని వస్తారు. ఒకసారి రాయచోటి వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు సౌదీలో డ్రైవరు. అంతకు వారం ముందే ఇంటాయన చనిపోయాడు. పెద్ద కొడుకై ఉండీ జనాజాకు రాలేదు. ఊళ్లో అందరూ ఆ పిల్లవాణ్ని తలా ఒక మాట అన్నారు. “వాడు రానని అనలేదు నాయనా. అకామా అయిపోయి ఏడాది దాటిందంట. దేశం దాటనియ్యరంట. టికెట్టు డబ్బులు చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు” అని ఆమె చెప్పింది. ఈ ఒక్క ఇంటి కథ అర్థమైతే మిగతా విషయమంతా అర్థమవుతుంది.

అకామా ఎవరి చేతిలో ఉంటుంది?

సౌదీలో పరాయి దేశపు పనివాడికి రెండు కాగితాలు కావాలి. ఒకటి పని చేసుకోవడానికి కార్మిక శాఖ ఇచ్చే వర్క్ పర్మిట్. రెండోది అక్కడ ఉండటానికి జవాజాత్, అంటే పాస్‌పోర్టుల శాఖ, ఇచ్చే ఇఖామా. మనవాళ్లు దాన్నే అకామా అంటారు. ఈ రెండింటినీ రెన్యూవల్ చేయించాల్సింది కఫీల్, అంటే యజమాని. పనివాడు తనంతట తాను పోయి చేయించుకునేది కాదు.

ఖర్చు ఎవరిది? సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం అకామా, వర్క్ పర్మిట్, వాటి రెన్యూవల్, ఆలస్యమైతే పడే జరిమానా అన్నీ యజమానే కట్టాలి. మరి ఎందుకు కట్టడం లేదు? లెక్క చూడండి. అకామా ఫీజు ఏడాదికి 650 రియాళ్లు మాత్రమే. కానీ చాలా ప్రైవేటు కంపెనీలకు వర్క్ పర్మిట్ మీద ఒక్కో కార్మికుడికి నెలకు 700 నుంచి 800 రియాళ్ల లెవీ 2020 నుంచి ఉంది. 800 చొప్పున ఏడాదికి 9,600 రియాళ్లు. వ్యాపారం దెబ్బతిన్న చిన్న యజమాని మొట్టమొదట ఎగ్గొట్టేది దీన్నే.

ఇంటి డ్రైవరు, ఇంటి పనివాడి అకామా సంగతి వేరు. అది ఏడాదికి 600 రియాళ్లతో అయిపోతుంది. ఈ తేడాలోనే ‘ఆజాద్ వీసా’ వ్యాపారం పుట్టింది. ఒక సౌదీ ఇంటి పేరు మీద డ్రైవరు వీసా తీసి, ఏజెంటు దాన్ని మనవాడికి లక్షలకు అమ్ముతాడు. మనవాడు ఆ ఇంట్లో పని చేయడు, బయట దొరికిన పని చేసుకుంటాడు. ఏటా రెన్యూవల్‌కు కఫీల్ అడిగినంత ముట్టజెప్పాలి. చట్టంలో ఆజాద్ వీసా అనేది లేనే లేదు. వీసా ఒకరిది, పని మరొకరి దగ్గర అయితే అది నేరమే. రాయచోటి తల్లి కొడుకు పోయింది ఇలాంటి వీసా మీదే.

కువైట్‌లోనూ వరస ఇదే. మన కడప, అన్నమయ్య జిల్లాల నుంచి పోయే ఆడవాళ్లలో ఎక్కువమందిది ఖాదీమ్ వీసా, అంటే అక్కడి 20వ అధికరణం కింద ఇచ్చే ఇంటి పని వీసా. కంపెనీ పనివాళ్లది 18వ అధికరణం, మనవాళ్ల మాటలో షూన్ వీసా. ఖాదీమ్ వీసా ఆ ఒక్క ఇంటికే కట్టుబడి ఉంటుంది. ఆ ఇల్లు విడిచి బయట పని చేస్తే బతాకా ఉన్నా లేనట్టే లెక్క.

గడువు తీరితే ఏమవుతుంది?

సౌదీలో అకామా రెన్యూవల్ ఆలస్యమైతే మొదటిసారి 500 రియాళ్లు, రెండోసారి 1,000 రియాళ్ల జరిమానా. మూడోసారి దేశం నుంచి పంపించేస్తారు. అయితే జరిమానా కన్నా పెద్ద దెబ్బలు వేరే ఉన్నాయి. బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, ఇంటికి డబ్బు పంపలేడు. ఆస్పత్రికి పోవాలంటే భయం. సెలవు మీద వచ్చి వెళ్లే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా రాదు. దీని మీద కఫీల్ ‘హురూబ్’ రాస్తే, అంటే పారిపోయాడని ఫిర్యాదు ఇస్తే, అప్పటిదాకా బాధితుడైనవాడు దోషిగా మారిపోతాడు. అలా కాగితం లేకుండా బతికేవాళ్లను మనవాళ్లు కల్లివెల్లి అంటారు.

ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. సౌదీ ప్రభుత్వం 2021 మార్చి 14 నుంచి అమలు చేసిన మార్పుల ప్రకారం, కంపెనీ పనివాడి అకామా గానీ వర్క్ పర్మిట్ గానీ గడువు తీరినా, మూడు నెలలు వరసగా జీతం రాకపోయినా, పాత యజమాని ఒప్పుకోకుండానే కొత్త యజమాని దగ్గరకు మారవచ్చు. ఇది కివా అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా జరుగుతుంది. ఈ సంగతి తెలియక నెలల తరబడి పాత కఫీల్‌ను బతిమాలుకుంటూ కూర్చున్నవాళ్లను మేం చూశాం. అయితే ఇంటి డ్రైవర్లను, ఇంటి పనివాళ్లను, తోటమాలులను, గొర్రెల కాపరులను ఆ మార్పుల్లో చేర్చలేదు. అందుకే డ్రైవరు వీసా కొని పోయి బయట పని చేసేవాడు రెండు విధాలా నష్టపోతాడు.

భార్యను తీసుకుపోవాలంటే

రెండో రకం కుటుంబాలు నిఖా కాగితం కోసం వస్తాయి. భర్త అక్కడ, భార్య ఇక్కడ. పెళ్లయి మూడేళ్లయినా కలిసి ఉన్నది మూడు నెలలే. “వీసా తీయమ్మా అంటే ఊ అంటాడు, తీయడు” అని అల్లుడి మీద అత్తగారి ఫిర్యాదు. విచారిస్తే చాలాసార్లు అల్లుడి తప్పేమీ ఉండదు.

భార్యను స్పాన్సర్ చేయడానికి ఒక్కో దేశంలో ఒక్కో షరతు. యూఏఈలో నెలకు 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. కువైట్‌లో 800 దినార్ల జీతం కావాలి. కూలి పని, ఇంటి పని చేసేవాళ్లకు అది అందని లెక్క. సౌదీలో అకామా మీద రాసిన వృత్తిని చూస్తారు. ‘ఆమిల్’, అంటే కూలీ అని ఉంటే కుటుంబ వీసా రాదు. వృత్తి సరిపోయినా కుటుంబ సభ్యుల ఫీజు ఉంది. 2017 జూలైలో మనిషికి నెలకు 100 రియాళ్లతో మొదలై, ఏటా పెరుగుతూ 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. దీన్ని అకామా రెన్యూవల్‌తో పాటు ముందే కట్టాలి. ఆ ఏళ్లలో ఎన్నో కుటుంబాలు పిల్లల చదువు మధ్యలో ఆపి ఊరికి తిరిగి వచ్చింది ఈ బరువుతోనే.

ఇంకొక మాట ఆడపిల్ల తల్లిదండ్రులు బాగా గుర్తుపెట్టుకోవాలి. భార్య అకామా భర్త అకామాకు కట్టి ఉంటుంది. భర్త కాగితం కఫీల్ చేతిలో, భార్య కాగితం భర్త చేతిలో. అక్కడ అతని ఉద్యోగం పోతే ఇక్కడి నుంచి పోయిన అమ్మాయి, పిల్లలు కూడా కాగితం లేనివాళ్లవుతారు. భర్త చనిపోయినా, తలాక్ అయినా అదే చిక్కు. యూఏఈలో మాత్రం అలాంటి స్త్రీకి ఏడాది పాటు సొంతంగా ఉండే అనుమతి తీసుకునే వీలుంది.

ఇక నిఖానామా. మన మసీదులో ఖాజీ సాహెబ్ సియాహాలో రాసిన కాగితం అల్లాహ్ దగ్గర, జమాత్ దగ్గర సరిపోతుంది. వీసా ఆఫీసులో అంతటితో సరిపోదు. ఖాజీ రికార్డు ఆధారంగా వక్ఫ్ బోర్డు నుంచి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. 2002 నాటి చట్టం ప్రకారం పెళ్లి రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరే. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, దాని మీద విదేశాంగ శాఖ ముద్ర. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి విదేశాంగ శాఖ అపోస్టిల్ చాలు. యూఏఈ, కువైట్‌లకు మన దగ్గర ఉన్న ఆయా దేశాల దౌత్య కార్యాలయం ముద్ర, అక్కడి విదేశాంగ శాఖ ముద్ర కూడా కావాలి. అరబీ తర్జుమా వేరే.

ఈ మెట్లలో ఎక్కువమంది జారేది పేర్ల దగ్గర. నిఖానామాలో ‘మస్తాన్ వలీ’, పాస్‌పోర్టులో ‘షేక్ మస్తాన్’. ఆధార్‌లో ‘మహబూబ్ బీ’, నిఖానామాలో ఇంట్లో పిలిచే ‘మాబున్నీ’. పెళ్లిపందిట్లో ఎవరికీ అది తప్పుగా కనిపించదు. రెండేళ్ల తరువాత వీసా ఫైలు తిరిగి వచ్చినప్పుడు అఫిడవిట్లు, పాస్‌పోర్టు రీఇష్యూ, హైదరాబాద్ ప్రయాణాలు మొదలవుతాయి. పీలేరు వైపు అమ్మాయి ఒకామె ఫైలు ఇలాగే రెండుసార్లు తిరిగి వచ్చింది. భర్తకు షార్జాలో సరిపడా జీతం ఉంది, ఇల్లు ఉంది. లేనిదల్లా ఒక అక్షరం తేడా లేని కాగితం. మా వాలంటీరు ఖాజీ గారి పాత రికార్డు వెతికించి, సర్టిఫికెట్ కొత్తగా రాయించి, ముద్రలన్నీ వేయించాడు. నాలుగు నెలలు పట్టింది. అయిన ఖర్చు ఒక విమానం టికెట్టు అంత కూడా లేదు. ఇప్పుడు భార్యాభర్తలు ఒకచోట ఉన్నారు, అల్‌హందులిల్లాహ్.

నిఖా పేరుతో మోసం

దీనికి పక్కనే ఒక చీకటి కోణం ఉంది, దాచడం మంచిది కాదు. “షేక్‌తో నిఖా చేస్తే అమ్మాయికి వీసా, ఇంటికి డబ్బు” అని బ్రోకర్లు పేద ఇళ్లకు వస్తారు. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి ముఠాను పట్టుకుని ఒమన్, ఖతర్ దేశస్థులతో పాటు ఖాజీలను కూడా అరెస్టు చేశారు. ఒక్క విషయం తెలిస్తే ఈ మోసం నిలవదు. సౌదీ, ఖతర్ పౌరులు విదేశీ స్త్రీని పెళ్లాడాలంటే ముందు తమ ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి కాగితం చూపించలేనివాడి నిఖాతో భార్యగా వీసా రాదు. ఏ జమాత్ అయినా ముందు ఆ కాగితం అడగాలి.

మన సొమ్ము ఎక్కడ పెడుతున్నాం?

మేం ఒకసారి పొరపాటు చేశాం. దాన్నీ ఇక్కడే ఒప్పుకుంటున్నాం. ఒక కుటుంబం ఏడుపు చూడలేక రెన్యూవల్ సొమ్ము అని ఒక మధ్యవర్తికి పంపించాం. అతను తీసుకున్నాడు, అకామా మాత్రం కాలేదు. అప్పటి నుంచి రెన్యూవల్ ఫీజు గానీ, వీసా కొనుగోలు గానీ సొసైటీ ఇవ్వడం లేదు. చట్టం యజమానిని కట్టమన్నదాన్ని మనం కడితే ఎగ్గొట్టేవాడికి సాయం చేసినట్టవుతుంది.

మేం ఖర్చు పెడుతున్నది మూడు పనులకు. ఒకటి, నిఖానామా, జనన ధ్రువీకరణ పత్రాల సవరణ, ముద్రలు, తర్జుమా. రెండు, చిక్కుకున్నవాళ్ల తరఫున విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు రాయడం, రాయబార కార్యాలయంతో ఉత్తరప్రత్యుత్తరాలు. అక్కడి మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. నిజంగా గతి లేనివాళ్లకు టికెట్టు కూడా దాని నుంచి ఇప్పించవచ్చు. మూడు, పోకముందే జాగ్రత్త. పనికి పోయేవాడు ప్రభుత్వ ఈమైగ్రేట్ ద్వారా, లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే పోవాలి. అలా పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల బీమా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ముందు అక్కడ విచారించమని చెబుతాం.

జకాత్ సొమ్మును, సదఖా సొమ్మును వేరువేరు ఖాతాల్లో ఉంచుతున్నాం. అప్పుల్లో మునిగినవాడు, దారిలో చిక్కుకున్న బాటసారి జకాత్ అందుకునే ఎనిమిది కోవల్లో ఉన్నవారే. అయినా ప్రతి కేసూ ఉలమా పెద్దలకు చూపించాకే జకాత్ ఖాతా ముడుతున్నాం.

దాతలకు మా మనవి

మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే ఈ రోజే ఫోను చేసి రెండు తేదీలు అడగండి: అకామా గడువు ఎప్పుడు, పాస్‌పోర్టు గడువు ఎప్పుడు. మూడు నెలలకన్నా తక్కువ ఉంటే మా ఆఫీసుకు పంపండి. ఫీజులు, షరతులు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు ఆ దేశపు ప్రభుత్వ యాప్‌లో చూసుకోమనండి. ఖాజీ సాహెబులకు, మసీదు కమిటీలకు ఒక విన్నపం: నిఖా రాసేటప్పుడు పాస్‌పోర్టులు తెప్పించి, అందులో ఉన్నట్టే పేర్లు రాయండి. దీనికి పైసా ఖర్చు లేదు. అరబీ తర్జుమా తెలిసినవారు, ఆఫీసు పనులు తెలిసిన రిటైర్డు ఉద్యోగులు వారానికి ఒక పూట ఇస్తే అదీ పెద్ద సాయమే.

చివరిగా, మన దాతల్లో సౌదీలో, కువైట్‌లో దుకాణాలు, కంపెనీలు నడిపేవారు, మనుషుల్ని పనిలో పెట్టించేవారు ఉన్నారు. వారికి మరీ మరీ చెబుతున్నాం. మీ దగ్గర పనిచేసేవాడి అకామా గడువు లోపలే చేయించండి. పాస్‌పోర్టు అతని చేతికి ఇవ్వండి. ఈ సొసైటీకి చందా తగ్గించైనా సరే, ముందు ఆ పని చేయండి.

రాయచోటి తల్లి కొడుకు ఆఖరికి రాయబార కార్యాలయం సాయంతో అవుట్‌పాస్ మీద తిరిగి వచ్చాడు. నేరుగా కబరస్తాన్‌కు పోయి తండ్రి కబర్ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు మేమూ వెంట ఉన్నాం. పెద్దాయన అడిగిన ప్రశ్నకు మా జవాబు అదే. గడువుకు ముందు ఒక మాట, ఒక కాగితం అంది ఉంటే ఆ కొడుకు జనాజాకు భుజం పట్టి ఉండేవాడు. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ఇవ్వాలని, దూరాన ఉన్నవాళ్లందరినీ క్షేమంగా ఇళ్లకు చేర్చాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.